వారంటీ కారూ, మా నాన్న కుట్టూ

ఆ రోజుల్లో నాకు నా తెలివి మీద ఎంత నమ్మకముండేదో, వారంటీ అనే మాట మీదా అంతే నమ్మకముండేది. ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు. చేతిలో స్మార్ట్‌ఫోను ఉంది, ఫోనులో దారి చూపించే మ్యాపు ఉంది, బుర్రలో మాత్రం ఖాళీ జాగా బోలెడుంది. పాతికేళ్లు దాటీ దాటని వయసులో మనిషికి తనకు తెలియనిదంటూ లేదనిపిస్తుంది. నలభై దగ్గరపడ్డాక, ఇంతకీ నాకు తెలిసిందేమిటా అని వెతుక్కోవడం మొదలవుతుంది. ఆ నమ్మకాలు రెండూ ఒక్క పూటలో, గుంటూరు శివార్లలో ఒక రేకుల షెడ్డు కింద, నా కళ్లెదుటే ఎలా కూలిపోయాయో చెబుతాను. (మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను. నాకు నవ్వు రావడానికే చాలా కాలం పట్టింది.)

మాది చిలకలూరిపేట. తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. మా తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడట. నాన్న కాలానికి బజారులో చిన్న కొట్టూ, ఒక ఏకుడు మిషనూ అమిరాయి. పేటలో సగం మంది తాను కుట్టిన పరుపుల మీదే నిద్రపోతారని మా నాన్నకు గర్వం. (మరి మిగతా సగం సంగతేంటని అడిగితే, "వాళ్లకు నిద్రెక్కడ పడతదిరా" అనేవాడు.) నేను మాత్రం ఆ దూదిలోంచి ఎలాగో బయటపడి, వ్యవసాయ డిప్లొమా చదివి, ఒక పురుగుమందుల కంపెనీలో ఉద్యోగానికి కుదిరాను. మోటారు సైకిలు మీద మిరప చేలూ పత్తి చేలూ తిరిగి, ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో రైతులకు చెప్పడం నా పని. రైతులు నన్ను మందుల బాబు అనేవారు. నాతోపాటే చేరినవాడు ఇంకొకడున్నాడు. మిట్టమధ్యాహ్నం చేలో తిరిగొచ్చినా పెళ్లికొడుకులా గుబాళించేవాడు కనుక వాడికి సెంటుబాబు అని పేరు పెట్టాం. ఆ ఏడాది మా ఇద్దరిలో ఒకరికి పర్చూరు వైపు ఏరియా మొత్తం అప్పగిస్తామని హైదరాబాదులో ఉండే మా పెద్దసారు కబురు చేశాడు. "పత్తి తీతలప్పుడు నేనే వస్తా. మీ ఇద్దరితో చెరొక రోజు చేలన్నీ తిరిగి చూసి తేలుస్తా. అయినా అంత పెద్ద ఏరియా బండి మీద తిరగలేరయ్యా, కారుండాలి" అన్నాడు. సెంటుబాబుకు వాళ్ల మావయ్య కారుంది. నాకు మోటారు సైకిలూ, దాని వెనక సీటూ ఉన్నాయి.

అలా నేను కారు కొన్నాను. కొత్తది కాదు, గుంటూరులో పాత కార్లు అమ్మే ఒక పెద్ద షెడ్డులో, బూడిద రంగు డీజిలు కారు. దాని గతచరిత్ర ఏమిటో, ఎంతమంది చేతులు మారిందో నేను పెద్దగా అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా మెడలో టై కట్టుకున్న మేనేజరు కుర్రాడు ఒకే ఒక్క మాట చెప్పి నన్ను పడగొట్టేశాడు: "ఇంజనుకి ఆరు నెలలు వారంటీ సార్." అంతే, ఆ పూట నుంచి ఆ మాట నా నోట్లో పాన్‌లా నానింది. అమ్మకు చెప్పాను, టీ కొట్టువాడికి చెప్పాను, చేలల్లో రైతులకు చెప్పాను. యద్దనపూడి దగ్గర ఒక ముసలి రైతు చుట్ట పక్కకు తీసి, "నువ్వమ్మిన మందుకు వారంటీ లేదు, మేమేసిన విత్తనానికి వారంటీ లేదు, వానకసలే లేదు. నీ ఇనప డబ్బాకు మాత్రం ఉందంటావ్. అదృష్టవంతుడివిరా అబ్బాయ్" అన్నాడు. నేను దాన్ని ఆశీర్వాదం కింద జమ కట్టుకున్నాను.

కారు ఇంటికొచ్చిన రోజున అమ్మ దాన్ని ముందు దర్గా దగ్గరికి తీసుకెళ్లి ఆకుపచ్చ దారం కట్టించింది. వస్తూ వస్తూ దారిలో నిమ్మకాయలు కొని చక్రాల కింద పెట్టి తొక్కించింది. (మా ఇంట్లో ఏ దేవుడికీ కోపం రాకుండా చూసే బాధ్యత అమ్మదే.) నాన్న మాత్రం కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, డోరు తెరిచి సీటును అరచేత్తో నొక్కి చూసి, పెదవి విరిచాడు. "స్పాంజి" అన్నాడు. ఆయన దృష్టిలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఆ తర్వాత ఇంజను స్టార్ట్ చేశాను. ఆ చప్పుడుకు మా గోడ మీది పిల్లి పక్కింటి గోడ మీదికి దూకింది. నిజం చెప్పొద్దూ, దాని శబ్దం కాస్త ఎక్కువే. పొద్దున్నే నేను కారు తీస్తుంటే ఎదురింటి ఆవిడ వాకిట్లో ముగ్గు ఆపి, "ఏం బాబూ, ట్రాక్టరు కొన్నారంటగా!" అనేది. నాకు పౌరుషం వచ్చేది. నాన్న మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా మీసం కింద పెదవి కొరుక్కునేవాడు.

ఇలా ఉండగా ఒక రోజు పొద్దున్న స్టార్ట్ చేస్తే ఆశ్చర్యం! చప్పుడు సగానికి సగం తగ్గింది. ఆ టకటక ఎక్కడికో పోయి, ఎవరో పక్కగదిలో గొణుగుతున్నట్టు వినిపిస్తోంది. అంతకు ముందు వారమే నేను ఇంజను ఆయిలు మార్పించి ఉన్నాను కనుక, ఆ ఘనత మొత్తం నా ఖాతాలో వేసుకున్నాను. "చూశావా నాన్నా? మంచి ఆయిలు పోస్తే ఇంజను ఎట్టా మెత్తబడిందో! కార్లంటే తెలిసుండాలి" అన్నాను. నాన్న దువ్వెన తీసి మీసం దువ్వుకుంటూ, "అవునవును. మెత్తబడింది" అన్నాడు. ఆయన కళ్లల్లో ఏదో నవ్వు మెదిలింది. "బానెట్టు ఎత్తి చూశావా ఓసారి?" అని కూడా అడిగాడు. "ఎందుకూ చూడటం? వారంటీ ఉందిగా" అన్నాను. అసలు సంగతేమిటంటే, బానెట్టు ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో నాకు తెలియదు. ఆ తర్వాత కూడా ఆయన రోజు విడిచి రోజు, "ఎత్తి చూడరా, దుమ్ము పట్టుంటది" అంటూనే ఉన్నాడు. నేను వినిపించుకుంటేగా!

పెద్దసారు నాతో తిరగడానికి సోమవారం వస్తున్నాడనగా, అంతకు ముందు గురువారం నేను పర్చూరు వెళ్లి సాయంత్రం పేటకు తిరిగొస్తున్నాను. పత్తి తీతలు జోరుగా సాగుతున్నాయి. రోడ్డంతా పత్తి కుక్కిన బోరేలు ఎత్తుకున్న ట్రాక్టర్లు, దారి పొడవునా తుమ్మకొమ్మలకు పట్టుకున్న పత్తి పింజలు. ఇంతలో ముక్కుకు కాలుతున్న దూది వాసన తగిలింది. ఇంకొకరైతే వెంటనే బండి ఆపి చూసుకునేవారు. కానీ నేను దూదిలో పుట్టి దూదిలో పెరిగినవాణ్ని. మా కొట్లో ఏకుడు మిషను వేడెక్కినప్పుడల్లా వచ్చే వాసనే అది, అమ్మ వంటింటి పోపు వాసనంత చుట్టరికం దానితో నాకు. పైగా పక్కనే పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఉంది. 'పాపం, మిల్లులో ఏదో అంటుకున్నట్టుంది' అని జాలిపడి, మిల్లువాళ్ల మీద సానుభూతితో ఇంకాస్త వేగం పెంచాను. మిల్లు దాటిపోయింది, వాసన దాటలేదు. ఇంకో రెండు ఊళ్లూ దాటాక కూడా వాసన నాతోపాటే వస్తోంటే, 'అబ్బో, పెద్ద ప్రమాదమే జరిగినట్టుంది' అనుకున్నాను. ప్రమాదం నా కాళ్లకు జానెడు దూరంలో జరుగుతోందన్న ఊహే రాలేదు.

కారు ముందు దగ్గింది, తర్వాత ఆయాసపడింది. ఎదురుగా ఉన్న ఎర్ర దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. 'ఫట్' మని ఏదో తెగిన చప్పుడు, స్టీరింగు బండరాయిలా బిగుసుకుపోవడం, బానెట్టు సందుల్లోంచి తెల్లగా పొగలు రావడం, అన్నీ నేను నోరు తెరిచి మూసేలోగా అయిపోయాయి. ఎలాగో పక్కకు లాగి, కిందికి దూకి, పరిగెత్తి మిరప చేలో నిలబడ్డాను. కాయలు కోస్తున్న కూలీలు లేచి నిలబడి చూశారు. "ఏమయ్యా, మంటలొస్తయ్యా?" అని ఒకావిడ కేకేసింది. "వారంటీ ఉందమ్మా!" అన్నాను. అదేం జవాబో నాకే తెలియదు. ఆవిడ అదోలా చూసి, మళ్లీ వంగి కాయలు కోసుకోవడంలో పడింది.

కారు అమ్మిన షెడ్డుకు ఫోను చేస్తే, వాళ్ల మనుషులు వచ్చి కారును లాక్కుపోయారు. మర్నాడు పొద్దున్న గుంటూరు వస్తే మీ ముందే తెరిచి చూస్తామన్నారు. ఆ పూట ఇంట్లో నేను అన్నం ముట్టలేదు. సోమవారానికి కారు లేకపోతే పెద్దసారును మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మట్టిదారుల్లో తిప్పాలి. ఆయన శరీరం బండి మీద పట్టేది కాదు. ఏరియా పోయి సెంటుబాబు ఒళ్లో పడుతుంది. "మోసం నాన్నా, పచ్చి మోసం. చచ్చిన ఇంజను అంటగట్టారు. రేపు వాళ్ల షెడ్డు కప్పు లేపేస్తా" అని అరుస్తుంటే నాన్న మొహం జేవురించింది. "నా కొడుకు దగ్గరా వాళ్ల వేషాలు? పద, నేనూ వస్తా" అని, శుక్రవారం నమాజుకు తీసిపెట్టుకున్న తెల్ల చొక్కా ఒక పూట ముందే వేసుకుని మరీ బయల్దేరాడు. అంత ఆవేశంగా ఆయనను నేనెప్పుడూ చూడలేదు.

షెడ్డులో మేనేజరు కుర్రాడు మాకు కుర్చీలు వేసి, చల్లని మంచినీళ్లిచ్చాడు. నేను నీళ్లు తాగేసి తిట్లు లంకించుకున్నాను. రాత్రంతా మంచం మీద దొర్లుతూ తయారు చేసుకున్న మాటలవి, ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదు. నాన్న పక్కన నిలబడి, "అడుగు, గట్టిగా అడుగు" అంటూ ఆజ్యం పోస్తున్నాడు. కార్లు చూడడానికొచ్చిన వాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి, ఆసక్తిగా వినసాగారు. మేనేజరు పాపం ఓపిగ్గా, "ముందు తెరిచి చూద్దాం సార్, మా తప్పయితే మేమే బాగుచేస్తాం" అని మెకానిక్కును పిలిచాడు. ఆ మెకానిక్కు నోట్లో వక్కపొడి, మాటలో వెటకారం. వాడు ఎక్కడో చెయ్యి పెట్టి బానెట్టు పైకెత్తాడు. గుప్పున కాలిన దూది వాసన. అందరం ముక్కులు మూసుకుని ఒకడుగు వెనక్కి వేశాం.

మెకానిక్కు లోపలికి వంగి, పట్టుకారుతో ఏదో పట్టుకుని లాగాడు. నల్లగా, తడిగా, పొడుగ్గా ఏదో వస్తోంది. చచ్చిన పందికొక్కేమో అనుకున్నాను. వస్తూనే ఉంది. చివరికి బల్ల మీద పరిస్తే అది ఒక బొంత. అక్షరాలా బొంత! ఇంజను పైన కప్పేంత కొలతకు కుట్టిన చిన్న దూది బొంత, నాలుగు మూలలా నాడాలతో సహా. ఒక మూల నాడా ఊడి, అంచు చిరిగి, లోపలి దూదంతా బయటికొచ్చి తిరిగే బెల్టుకు చుట్టుకుందట. బెల్టు తెగి, నీళ్లు తిరగడం ఆగిపోయి, ఇంజను ఉడికిపోయి, దాని పైమూత లాంటి హెడ్డు పోయిందట. నేను నిర్ఘాంతపోయాను. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. "ఏ బుద్ధిలేని దరిద్రుడండీ ఇంజనుకు బొంత కప్పింది! మనిషన్నవాడు చేసే పనేనా? ఇలాంటి పిచ్చివాడి కారా నాకు అమ్మింది?" అని షెడ్డు అదిరేలా కేకలేశాను.

కేకల మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ బొంత వైపు మరోసారి చూశాను. కాలకుండా మిగిలిన వైపు నీలం గళ్ల గుడ్డ ఉంది. ఆ గళ్లు నాకు తెలుసు. గళ్ల మీద వంకీలు తిరుగుతూ, మధ్యలో పువ్వులా ముడిపడే కుట్టు ఉంది. ఆ కుట్టు మరీ బాగా తెలుసు, నేను పుట్టిన రోజు నుంచి దాని మీదే పడుకున్నాను. మెల్లగా తల తిప్పి నాన్న వైపు చూశాను. "అడుగు, గట్టిగా అడుగు" అన్న మనిషి, ఇప్పుడు షెడ్డు కప్పు రేకుల్లో ఎన్ని చిల్లులున్నాయో తీరిగ్గా పరిశీలిస్తున్నాడు. ఆయన తెల్ల చొక్కా కాలరు చెమటకు తడిసిపోయింది. ఆ పిచ్చివాడూ, ఆ దరిద్రుడూ ఎవరో షెడ్డులో మా ఇద్దరికే తెలుసు.

ఇక్కడే విధి వింత చూడండి. మేనేజరు తన చేతిలోని ట్యాబులో కారు అమ్మిన రోజు ఫొటోలన్నీ వెతికి, తల గోక్కుని, గొంతు తగ్గించి, "సార్, డెలివరీ రోజున బానెట్టు లోపల ఫొటో మా వాళ్లు తీయడం మర్చిపోయారు. ఇది పాత ఓనరు నిర్వాకం అయ్యుంటుంది. చూసుకోకపోవడం మా తప్పే. మా దగ్గర కొత్త ఇంజను హెడ్డు ఒకటి రెడీగానే ఉంది. వారంటీలో వేసేస్తాం, ఆదివారం సాయంత్రానికి కారు మీ ఇంటి ముందుంటుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నాకు ఆనందించాలో భయపడాలో తెలియక, కక్కలేక మింగలేక, "అదే... అదే... మీరే చూసుకోవాలి కదండీ" అని గొణిగాను. నాన్న చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. నొక్కుకు అర్థం: నోరెత్తకు. ఆయన కూడా బుద్ధిమంతుడిలా తలూపాడు. మేనేజరు ట్యాబు మీద ఏదో నింపుతున్నాడు. ఒక్క వేలు నొక్కుడు దూరంలో నా ఇంజనూ, నా ఏరియా, నా భవిష్యత్తూ ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే మెకానిక్కు ఆ బొంతను పట్టుకారుతో ఎత్తి, అటూ ఇటూ ఆడించి, "ఎవడో చేతగానోడు సార్. గోనెపట్టా కుట్టినట్టు కుట్టి పడేశాడు" అన్నాడు.

నాన్న చెయ్యి నా చేతిలో చిన్నగా కదిలింది. నేను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

మేనేజరు తల ఎత్తకుండానే, "రోడ్డు పక్కన బొంతలమ్మే వాళ్ల దగ్గర కొనుంటారు. చవక రకం" అన్నాడు.

నాన్న చెయ్యి విదిలించుకుని ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్లాడు. "ఏందయ్యా? గోనెపట్టానా?" అన్న ఆయన గొంతు విని మెకానిక్కు నోట్లో వక్కపొడి మింగేశాడు. "ఏదీ, తిరగేసి చూపియ్యి. వెనక వైపున ఒక్క ముడన్నా బయటికి కనపడతందా? దూది ఒక్కచోటన్నా గడ్డకట్టిందా? కాలి మసైపోయినా మిగిలిన కుట్టు చెక్కు చెదర్లా, కళ్లుంటే చూడు! చవక రకమంట! మా నాయన దబ్బనం పట్టుకోవడం నేర్పింది మొదలు, నా కుట్టును ఇట్టా అన్న మొగాడు పేటలో లేడు!"

మేనేజరు వేలు ట్యాబు మీద గాలిలోనే ఆగిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. గుంటూరు భూములు గట్టివి, బద్దలవవు.

"సాయిబు గారూ," అన్నాడు మేనేజరు నీరసంగా, "అంటే... ఇది మీరు కుట్టిందా అండీ?"

"మరి? ఇంకెవడు కుట్టగలడు ఇట్టా?" అన్నాడు నాన్న. అప్పటికి గానీ తాను ఏం చేశాడో ఆయనకు తట్టలేదు. నా వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు, గొంతు దిగిపోయింది. "మా వీధి చివర పళ్ల డాక్టరు గారి కొత్త కారు చూశానండీ. బానెట్టు లోపల నల్ల పరుపేసుంది. అన్ని మంచి కార్లకూ ఉంటదంట, చప్పుడు రాకుండా. మావాడి దానికి లేదు. పాతాయనెవరో పీక్కుని ఉంటాడు. వాకిట్లో ఆడోళ్లు ట్రాక్టరు ట్రాక్టరని నవ్వుతుంటే వీడి మొహం ఇంతయ్యేది. పరుపులు కుట్టేవాడి కొడుకు కారుకు పరుపు లేకపోవడమేందని... వీడు నిద్రపోతున్నప్పుడు కొలత తీసుకుని కుట్టి కట్టా. చప్పుడు తగ్గింది కూడానండీ. అడగండి వాణ్ని."

అందరూ నా వైపు తిరిగారు. చప్పుడు తగ్గిందని నేను ఊరంతా చాటుకున్న మాట నిజం కదా! "తగ్గిందండీ" అన్నాను.

మేనేజరు మంచివాడే. "కంపెనీ వాళ్లు వేసేది మంటకు అంటుకోని రకం అండీ, దూది కాదు" అని మెత్తగా చెప్పి, ట్యాబులో నింపినదంతా చెరిపేశాడు. సొంతంగా బిగించుకున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదట. "మీరు ఇంకొక్క నిమిషం ఆగుంటే అయిపోయేదండీ" అని ఆయన నాన్నతో అంటుంటే, ఆ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినిపించింది. నాన్న కాలిన బొంతను బల్ల మీంచి తీసుకుని జాగ్రత్తగా మడతపెట్టాడు.

తిరుగు ప్రయాణం బస్సులో. నాన్న ఒళ్లో బొంత పెట్టుకుని కూర్చున్నాడు, నేను కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను. కండక్టరు రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "ఎక్కడో కాలిన వాసనొస్తంది, డ్రైవరన్నా!" అని బస్సు ఆపించాడు. రెండోసారి కూడా ఆపించాక, నాన్న చెయ్యెత్తి, "ఇది మాదేలే బాబూ" అన్నాడు. బస్సంతా మా వైపు తిరిగి చూసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంజను పోయింది, వారంటీ పోయింది, సోమవారం పోయింది. కళ్ల ముందు సెంటుబాబు పక్క సీటులో పెద్దసారును కూర్చోబెట్టుకుని, ఏసీ వేసుకుని, పర్చూరు రోడ్డు మీద గుబాళిస్తూ వెళ్లిపోతున్నాడు. బస్సు ఎడ్లపాడు దాటింది.

అప్పుడు నాన్న చిన్నగా దగ్గాడు. "ఒరే అబ్బాయ్."

"ఊఁ."

"నువ్వు ఇయ్యాలేగా చూసింది దీన్ని?"

"ఊఁ."

బొంత మీద కాలని వైపు మసిని బొటనవేలితో తుడిచాడు. "ఎట్టా ఉందిరా?"

నాకు మతిపోయింది. ఇంత జరిగాక ఈయన అడిగేది ఇదా! విసురుగా ఇటు తిరిగాను, అనాల్సిన మాటలు అరడజను నాలుక చివరే ఉన్నాయి. తిరిగి చూస్తే, బడిలో పలక చూపించి దిద్దించుకోవడానికి నిలబడ్డ పిల్లాడి మొహంలా ఉంది ఆయన మొహం. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్లూ బానెట్టు ఎత్తి చూడు, ఎత్తి చూడు అని ఎందుకు సతాయించాడో. చెప్పి చూపించడం ఆయనకు చేతకాదు. నేనే చూసి, నేనే ఏదో ఒకటి అంటానని కాచుకుని ఉన్నాడు.

"బానే ఉంది" అన్నాను, మళ్లీ కిటికీ వైపు తిరిగి.

"బానే ఉంది కదా!" అన్నాడు నాన్న. ఒళ్లో బొంతను సర్దుకుని, వెనక్కి వాలి, "నాడాలే కాస్త గట్టిగా కట్టాల్సింది" అనుకుంటూ పేట వచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు.

సోమవారం పెద్దసారు వచ్చాడు. ఆయనను మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నేను తిప్పిన వైనం ఇక్కడ చెప్పను. ఆయన నడుము ఆ తర్వాత చాలాకాలం దాని గురించి చెబుతూనే ఉందట. ఏరియా సెంటుబాబుకే వెళ్లింది. నా కారు పేటలోనే ఒక మెకానిక్కు దగ్గర ఆ సీజనంతా పడుకుని, చివరికి ఎలాగో లేచింది. దానికి మునుపటి టకటక మళ్లీ వచ్చేసింది. ఎదురింటావిడ కూడా మళ్లీ ట్రాక్టరు మాటెత్తింది. ఈసారి నాకెందుకో పౌరుషం రాలేదు.

ఆ తర్వాత చాలా జరిగాయి, వేరే ఏరియాలూ వచ్చాయి, ఈమధ్య కొత్త కారే కొన్నాను. నాన్న ఇప్పటికీ కొట్లో కూర్చుంటాడు, దబ్బనంలో దారం ఎక్కించడానికి మాత్రం కళ్లు సహకరించక నన్ను కేకేస్తాడు. కొత్త కారు చూపించగానే ఆయన సీటు నొక్కి చూడలేదు. నేరుగా ముందుకు వెళ్లి, "ఎత్తు" అన్నాడు. (ఎక్కడ నొక్కాలో ఇప్పుడు నాకు తెలుసు.) లోపల కంపెనీ వాళ్లు బిగించిన నల్ల పరుపును వేళ్లతో తడిమి చూసి, "మిషను కుట్టు" అని పెదవి విరిచి వెళ్లిపోయాడు. నేను బానెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ రోజు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్న మందుల బాబు గుర్తొచ్చాడు. ఒక ఏరియా పోతేనే లోకం మునిగిపోయిందనుకున్న ఆ వెర్రివాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. బానే ఉంది అనడానికి బదులు ఇంకొక్క మంచి మాట అని ఉంటే, వాడి సొమ్మేం పోయేది? ఆ కాస్త మాటకే ముసలాయన పేట దాకా నిద్రపోయాడు.